పూలు కుదిరాయి, ఆకుల దగ్గరే గొడవ

తూర్పు గోదావరి జిల్లా నుంచి ఒక అమ్మ రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. ఉత్తరం పెద్దదే, సారాంశం ఇది.

వైశాఖంలో వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి. రాజమండ్రి శివార్లలో ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నారు. సాయంత్రం ఏసీ హాల్లో రిసెప్షన్, రాత్రి పదకొండు దాటాక బయట లాన్‌లో వేసే మండపంలో పెళ్లి. పూల సంగతి ఎప్పుడో తేలిపోయింది: గులాబీలు, చామంతులు, లిల్లీలు, జడకి మల్లెలు. ఆ పూల మధ్య సందులు దేనితో నింపాలన్నదే తేలలేదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి జిప్సోఫిలా అనే తెల్లటి సన్న పూల గుత్తులు, వెండిరంగు యూకలిప్టస్ ఆకు కావాలంటోంది. అలాంటి స్టేజీల ఫొటోలు ఏడాదిగా ఫోన్లో దాచుకుంటోంది. "బంతిపూలూ మామిడాకులూ కడితే వినాయక చవితి పందిరిలా ఉంటుందమ్మా" అని దాని బాధ. ఎనభై దాటిన నాయనమ్మ మాత్రం "పెళ్లికి అంతా తెలుపేమిటే? ఇక ప్లాస్టిక్ ఆకులు కట్టిన పందిట్లో నేను కూర్చోను" అని తేల్చేశారు. డెకరేటర్ ఏమో "పచ్చదనం మొత్తం ఆర్టిఫిషియల్ పెట్టేద్దాం మేడమ్, ఫొటోలో తేడా తెలీదు" అంటున్నాడు. స్టేజీ, మండపం, గేటు కలిపి లక్షా ఎనభై వేలు చెప్పాడు. అన్నీ నిజం ఆకులు, బెంగళూరు సరుకు అంటే ఇంకో డెబ్భై వేలట. డెకరేషన్ ఖర్చు తనదని ముందుకొచ్చిన మరిది నలభై వేలు అడ్వాన్సు ఇచ్చేశారు, "ఆకులకెవరైనా డబ్బులు తగలేస్తారా వదినా" అంటున్నారు. భర్త "మీరూ మీరూ చూసుకోండి" అని పేపరు వెనక దాక్కున్నారు.

"ఆకుల కోసం ఇంత గొడవా అని నవ్వకండి. ఎవరి మాట వింటే ఎవరు నొచ్చుకుంటారో అని టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేనేం చెయ్యాలి?" అని ముగించారు.

నవ్వలేదమ్మా. ఏ పెళ్లి స్టేజీ ఫొటో అయినా పెద్దది చేసి చూడండి, పువ్వుల కన్నా పువ్వుల మధ్య ఉన్నదే ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆకులు, సన్న పూలు, గడ్డి, పుల్లలు. డెకరేటర్లు ఫిల్లర్ అనేది వీటినే. గులాబీ ఎక్కడైనా గులాబీయే. ఒక స్టేజీకి ఒక కళ, ఇంకో స్టేజీకి ఇంకో కళ వచ్చేది ఈ ఫిల్లర్ వల్లనే. బిల్లులో దాచిపెట్టడానికి వీలైన చోటు కూడా అదే. కాబట్టి మీ ఇంట్లో వాదన పనికిమాలినది కాదు.

అయితే ఉత్తరం రెండోసారి చదివితే నాకొకటి తట్టింది. మీ ఇంట్లో ఎవరూ ఒకే దాని గురించి మాట్లాడుకోవడం లేదు. అమ్మాయి దాచుకున్నవి స్టేజీ ఫొటోలు. అంటే తన మనసంతా రిసెప్షన్ మీద ఉంది. అత్తగారు "పందిట్లో కూర్చోను" అన్నారే గాని "హాల్లోకి రాను" అనలేదు, ఆవిడ మాట మండపం గురించి. మీ మరిది చూస్తున్నది బిల్లు. డెకరేటర్ పైకి చెప్పకుండా భయపడుతున్నది ఎండకి. పొద్దున కట్టిన ఆకు రాత్రి పదకొండింటికి ఏ రూపంలో ఉంటుందో అతనికి తెలుసు, వాడిపోతే మాటలు పడేది తనే అనీ తెలుసు. అందుకే ప్లాస్టిక్ అంటున్నాడు. లాభమూ లేకపోలేదు, ఒకసారి కొన్న ప్లాస్టిక్ ఆకు ఎన్ని పెళ్లిళ్లకైనా తిరుగుతుంది.

మీకు కలిసొచ్చేది ఏమిటంటే, స్టేజీ ఒకచోట, మండపం ఒకచోట. ఒకటి ఏసీలో, ఒకటి ఆరుబయట. రెండింటికీ ఒకే ఫిల్లర్ అన్న పట్టు వదిలేస్తే సగం ముడి అక్కడే వీడుతుంది.

ముందు మండపం సంగతి. అక్కడ జిప్సోఫిలా వద్దు. అత్తగారి మాట కోసం కాదు, వాతావరణం కోసం. అది చల్లటి చోట పెరిగే పువ్వు. కాడ నీళ్లలో ఉండి, చుట్టూ చల్లగా ఉంటే రోజుల తరబడి ఉంటుంది. వైశాఖం ఎండలో నీళ్లు లేకుండా ఇనప వైరుకి కట్టి వేలాడదీస్తే సాయంత్రానికే ముడుచుకుపోయి, గోధుమరంగుకి తిరుగుతుంది. నీళ్లు చల్లుతూ కాపాడదామంటారు పనివాళ్లు. పూలగుత్తిలో తడి నిలిస్తే అది నల్లబడుతుంది, కాబట్టి చల్లినా నష్టమే.

ప్లాస్టిక్ కూడా మండపంలో వద్దు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే మండపం మధ్యలో హోమగుండం ఉంటుంది. లాజహోమంలో పేలాలు, నెయ్యి పడగానే మంట ఎంత ఎత్తుకి లేస్తుందో మీరు చూసే ఉంటారు. నాలుగు స్తంభాల మధ్య ఇరుకు మండపంలో నైలాన్ గుడ్డ, ప్లాస్టిక్ తీగలు, పైన వేడెక్కే హాలోజన్ లైట్లు, మధ్యలో నిప్పు. ప్లాస్టిక్ ఆకు అంటుకుంటే కరిగి కిందికి కారుతుంది. కింద పట్టుబట్టలతో కూర్చున్నది మీ అమ్మాయి. ఈమధ్య కొందరు ఎండిన పాంపస్ గడ్డి కుచ్చులు పెడుతున్నారు. చూడ్డానికి బాగుంటాయి గాని హోమం దరిదాపుల్లోకి రానివ్వకూడదు. మీ మరిదికి ఖర్చు సంగతి కాకుండా ఈ సంగతి చెప్పి చూడండి, వెంటనే ఒప్పుకుంటారనే నా నమ్మకం.

మరి ఏం పెట్టాలి? గోదావరి జిల్లాలో ఉండి ఈ ప్రశ్న అడగడం నాకు కొంచెం వింతగానే ఉంది. స్తంభాలకి గెలలతో అరటి చెట్లు. పైకప్పుకి కొబ్బరి మట్టలు. లేత కొబ్బరాకుతో చిలుకలు, జడలు అల్లే చేతులు మీ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నాయి. మామిడాకు తీసుకునేటప్పుడు ముదురాకే కోయించండి. ఎర్రటి లేత చిగురు ముచ్చటగా ఉంటుంది గాని కాసేపట్లో తల వాల్చేస్తుంది. ముదురాకు మర్నాటికి కూడా నిలబడుతుంది. అశోక ఆకు అని అమ్మే నరమామిడి ఇంకా గట్టిది. ముందురోజు సాయంత్రం కోసి తడి గోనెపట్టాలో చుట్టి నీడలో ఉంచితే చాలు.

ఇంకొకటి కూడా చెబుతాను, ఇది మీ అమ్మాయికి కూడా నచ్చుతుందేమో. వైశాఖం నాటికి మీ వైపు దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అయిపోవస్తుంటాయి. పూర్వం పిచ్చుకల కోసం చూరుకి వేలాడదీసేవారే, ఆ వరికంకుల కుచ్చులు చేయించి తెల్ల చామంతుల మధ్య పెట్టించండి. లేత బంగారు రంగు, తెలుపు, ఆకుపచ్చ కలిసి ఉంటే దాన్ని చవితి పందిరి అని ఎవరూ అనలేరు. ధాన్యం కంకి కాబట్టి అత్తగారికీ అభ్యంతరం ఉండదు. ఎండు కంకి గనక మండపం బయటి ముఖానికి మాత్రమే, లోపలి వైపు పచ్చి ఆకే ఉండాలి. దండల్లో, జడలో అయితే మరువం వాడండి. జిప్సోఫిలా జడ ఇప్పుడు ఫ్యాషనే గాని, కొందరికి మెడ దగ్గర దురద పెడుతుంది. ముందొకసారి పెట్టి చూసుకోమనండి.

బంతి మీద మీ అమ్మాయి కోపం నాకు అర్థమైంది. తనకి నచ్చనిది ఆ పువ్వు కాదు, నాలుగు వైపులా నారింజ రంగు దండలు నిలువునా వేలాడదీసే పద్ధతి. గుమ్మానికి బంతి ఉంచి, మండపంలో చామంతికి వదిలేస్తే ఇద్దరి మాటా నిలబడుతుంది.

తెలుపు గురించి అత్తగారితో వాదన పెట్టుకోకండి. కానీ నెమ్మదిగా ఒకటి అడగవచ్చు, మధుపర్కాలు ఏ రంగువి? మల్లెలు ఏ రంగువి? తెలుపు ఆవిడకీ ఇష్టమే. పసుపూ ఎరుపూ ఎక్కడా కనిపించని స్టేజీ ఆవిడకి బోసిగా తోస్తోంది. మధుపర్కాల్లో కూడా తెలుపు పక్కన ఎర్రంచు ఉంటుంది కదా. రిసెప్షన్ స్టేజీ మీద జిప్సోఫిలా మధ్య నాలుగైదు చోట్ల ముదురు ఎరుపు గులాబీ గుత్తులు పెడితే అమ్మాయి ఫొటో చెడదు, నాయనమ్మ కళ్లకీ నిండుగా ఉంటుంది.

ఇక స్టేజీ. ఇక్కడ నేను అమ్మాయి వైపే ఉన్నాను. ఏసీ హాల్లో, నీళ్లలో కాడ పెట్టి అమర్చితే జిప్సోఫిలా రాత్రి దాకా నిశ్చింతగా ఉంటుంది. అయితే స్టేజీ నిండా అక్కర్లేదు. రిసెప్షన్ ఫొటోల్లో నూటికి తొంభై సోఫా దగ్గర తీసేవే. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, అటూ ఇటూ నిలబడ్డ బంధువులు, వాళ్ల తలల మీద రెండడుగులు. ఆ చట్రంలో కనిపించే చోట, సోఫాకి రెండు పక్కలా ఒత్తుగా నిజం పువ్వు, నిజం ఆకు పెట్టించండి. పదడుగుల పైన, చేతికందని ఎత్తులో డెకరేటర్ తన ప్లాస్టిక్ ఆకు కట్టుకుంటే కట్టుకోనివ్వండి. అంత ఎత్తులో నిజంగానే తేడా తెలియదు. అన్నీ నిజంవే ఉండాలన్న పట్టుదల నాకు లేదు. అదనంగా అడిగిన డెబ్భై వేలలో చాలా భాగం ఇక్కడే తగ్గాలి. ఎంత తగ్గుతుందో అతని చేతే లెక్క కట్టించండి.

యూకలిప్టస్ విషయంలో అమ్మాయికి కాస్త నచ్చజెప్పాలి. ఫొటోల్లో ఉన్న వెండిరంగు గుండ్రటి ఆకు చల్లటి కొండ ప్రాంతాల నుంచి వచ్చే రకం. మన జామాయిల్ తోటల్లో ఆకు పొడుగు, రూపు వేరు. తెప్పిస్తే దొరుకుతుంది, కానీ మీ డబ్బులో ఎక్కువ భాగం రవాణాకే పోతుంది. దాని బదులు ఒక రోజు మీరూ అమ్మాయీ కడియం వెళ్లండి, దగ్గరే కదా. కడియపులంక పూల మార్కెట్లో చామంతి, లిల్లీ చూసుకుని, అటునుంచి నర్సరీల్లోకి నడవండి. డ్రసీనాలు, అరికా పామ్‌లు, రకరకాల ఫెర్న్‌లు కుండీలతో సహా ఉంటాయి. కుండీలనే స్టేజీ అంచున వరుసగా పెట్టి గుడ్డతో కుండీలు కప్పేస్తే కోసిన ఆకుల అవసరం సగం తగ్గుతుంది. వాడిపోతాయన్న భయం లేదు. అద్దెకిస్తారేమో అడగండి, లేదంటే కొనేసి మర్నాడు దగ్గరివాళ్లకి తలా ఒకటి ఇచ్చేయవచ్చు. అమ్మాయి తన చేత్తో ఏరుకున్న ఆకు అయితే ఫోన్లో ఫొటో మీద పట్టు దానంతటదే సడలుతుంది.

పనిలో పనిగా కొన్ని చిన్న సంగతులు. రంగు వేసిన జిప్సోఫిలా, గులాబీరంగువి నీలంవి, అస్సలు వద్దు. తడి తగిలితే రంగు దిగుతుంది. పట్టుచీరకి అంటితే వదలదు, మధుపర్కాలకి అంటితే ఇక చెప్పనక్కర్లేదు. బెంగళూరు నుంచి వచ్చిన పూలని సామాన్ల గదిలో పెట్టేటప్పుడు అక్కడ అరటి గెలలూ మామిడిపండ్ల బుట్టలూ లేకుండా చూడండి. మాగే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకి జిప్సోఫిలా, కార్నేషన్ లాంటివి తొందరగా వాడిపోతాయి. పెళ్లిళ్లలో అన్నీ ఒకే గదిలో కుక్కేస్తారు, పొద్దునకి పూలు ఎందుకు పాడయ్యాయో ఎవరికీ అర్థం కాదు. తాంబూలాలు, భోజనాల బల్లల దగ్గర తెలియని ఆకు ఏదీ పెట్టనివ్వకండి. గన్నేరు ఆకు సన్నగా అందంగా ఉంటుంది, కానీ విషం.

కాడలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ ఇటుకల గురించి కూడా అడగండి. నీళ్లలో వదిలేస్తే తనంతట తాను మునగాలి. చేత్తో అదిమి ముంచితే లోపల పొడిగా ఉండిపోయి పూలు రెండు గంటల్లో తలలు వేలాడేస్తాయి. హడావిడిలో పనివాళ్లు చేసేది ఎక్కువగా అదే. పైగా అది మట్టిలో కలవని ప్లాస్టిక్, పెళ్లయ్యాక పొడిపొడిగా కాలవలోకి చేరుతుంది. మండపం వరకైనా అరటి బోదె ముక్కల్లో గుచ్చమనండి, అందులో తడి దానికదే ఉంటుంది. వధూవరుల పేర్లు థర్మాకోల్‌తో కోస్తామంటే కుదరదని చెప్పండి. అలంకరణకి థర్మాకోల్ వాడకం 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం.

ఇప్పుడు మీ ముందున్న దారులు. అంతా డెకరేటర్ ఇష్టానికి వదిలేస్తే డబ్బు మిగులుతుంది, మీకు పని తప్పుతుంది. కానీ అత్తగారు అన్నంత పనీ చేసి వెనక వరసలో కూర్చుంటే, పెళ్లికొచ్చిన ప్రతివాళ్లకీ మీరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అంతా అమ్మాయి కోరినట్టు చేస్తే మరిదికి చెప్పకుండా ఆయన డబ్బు ఖర్చు పెట్టించినట్టవుతుంది, మండపంలో పువ్వు ముహూర్తం దాకా నిలవదు. డెకరేటర్‌నే మార్చేద్దామంటే అడ్వాన్సు వెనక్కి వస్తుందన్న నమ్మకం లేదు, పెళ్లిళ్ల సీజన్లో ఖాళీగా ఉన్నవాడు దొరకడమూ కష్టమే. నాకు మొగ్గు ఉన్నది చోటుని బట్టి విడగొట్టడం మీద. ఇందులోనూ చిక్కు లేకపోలేదు. రెండు రకాల పని కాబట్టి మీ వైపు నుంచి ఒకరు దగ్గరుండి చూసుకోవాలి, ఆ రోజు మీకు తీరదు. తమ్ముడో, బాధ్యత తెలిసిన మేనల్లుడో ఎవరైనా ఉంటే ఇప్పుడే ఒప్పించండి. మీ వారికి అప్పగిస్తే పేపరు వెనక నుంచి బయటికి రావడానికి ఆయనకీ ఒక వంక దొరుకుతుంది.

మీ నిద్ర సంగతి. అమ్మాయి మాట అత్తగారికి, అత్తగారి మాట మరిదికి, మరిది మాట డెకరేటర్‌కి మీరు మోస్తున్నారు. మోసేవాళ్ల మీదే అందరి విసుగూ పడుతుంది. వచ్చే ఆదివారం అమ్మాయి చేత నాయనమ్మకి వీడియో కాల్ చేయించండి. మండపం ఎలా ఉండాలో నీ ఇష్టం నాయనమ్మా, స్టేజీ నాకు వదిలెయ్ అని తనే అడగాలి. మీరు పక్కన కూర్చోకండి, వంటింట్లోకి వెళ్లిపోండి. ఒకటి రెండు మాటలు పెరగొచ్చు. పెరిగినా అది మనవరాలికీ నాయనమ్మకీ మధ్య విషయం, మీ అంత తొందరగా వాళ్లు నొచ్చుకోరు. మరిదితో మాత్రం మీరే మాట్లాడండి, డబ్బు ఆయనది. స్టేజీ దగ్గర పెరిగిన తేడా మేం పెట్టుకుంటామని ముందే అనండి. ఆయన వద్దన్నా, అన్న మాట మీకు మర్యాద.

ఆ తర్వాత డెకరేటర్‌ని పిలిచి కాగితం మీద రాయించుకోండి. ఎక్కడ నిజం ఆకు, ఎక్కడ ప్లాస్టిక్, ఏ రకం ఎన్ని కట్టలు. బెంగళూరు లోడు రాకపోతే దాని బదులు ఏం పెడతాడు, అప్పుడు ఎంత తగ్గిస్తాడు. పెద్ద ముహూర్తం రోజున పూల ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఆ తేడా ఎవరి నెత్తిన పడుతుందో కూడా రాయాలి. మండపానికి ఆకు పని పొద్దున చేసుకోవచ్చు, పువ్వు మాత్రం ఎండ తగ్గాకే కట్టాలని రాయించండి. ఫొటోగ్రాఫర్ పగలే మండపం ఫొటోలు కావాలంటాడు, ఒప్పుకోవద్దు. మర్నాడు చెత్త ఎవరు తీస్తారో కూడా అందులోనే ఉండాలి, లేకపోతే హాలువాళ్లు మీ దగ్గర వేరే వసూలు చేస్తారు.

డెకరేటర్ "ఏం కాదు మేడమ్, బయట కూడా జిప్సీ నిలుస్తుంది" అంటే వాదించకండి. ఒక కట్ట తెప్పించి, అదే హాలు లాన్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి వైరుకి కట్టించి, రాత్రి ఎనిమిదింటికి ఫొటో తీసి అమ్మాయికీ మరిదికీ పంపండి.